ప్రొబేట్ సంగతి తర్వాత, ముందు నానమ్మ వాటా తేల్చండి

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్‌లో ఒక ఇల్లు కొంటున్నారు. దాని యజమాని 2016లో పోయారు. భార్య, కొడుకు అమ్ముతున్నారు, కూతురు అమెరికాలో ఉంది. ఇల్లు మొత్తం భార్యకే అని రాసిన వీలునామా ఉంది కానీ రిజిస్టర్ కాలేదు. బయానా ఇచ్చి 5 నెలలైంది. ఇప్పుడు బ్యాంకు లాయరు ప్రొబేట్ (వీలునామా అసలుదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) తెస్తే గానీ లీగల్ ఒపీనియన్ ఇవ్వనంటున్నారు. యజమాని హిందువు, ఇల్లు ఆయన స్వార్జితం అనుకుని జవాబు రాస్తున్నాను. ముస్లిం కుటుంబమైతే వాటాల లెక్కే వేరు.

హైదరాబాద్‌లోనే రాసి, హైదరాబాద్ ఇంటి గురించే ఉన్న హిందువు వీలునామాకు ప్రొబేట్ తప్పనిసరి కాదు. ఆ నిబంధన పాత మద్రాసు, బొంబాయి నగరాలకూ బెంగాల్ వైపుకూ పరిమితమై ఉండేది, 2025లో దాన్నీ తీసేశారు. అలాగని లాయరు అడగడం తప్పని అనను. వీలునామా నిలబడాలంటే ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి, రేపు ఎవరైనా కాదంటే ఆ ఇద్దరిలో ఒక్కరైనా కోర్టుకొచ్చి చెప్పాలి. వాళ్లు బతికున్నారో లేదో బ్యాంకుకేం తెలుసు? రిజిస్టర్ అయిన వీలునామాకూ ఈ బాధ తప్పదు. ఇంకో మెలిక ఉంది. ప్రొబేట్ ఇచ్చేది వీలునామాను అమలు చేయడానికి అందులో పేరు రాసిన ఎగ్జిక్యూటర్‌కే. అలాంటి పేరు రాయకపోతే కోర్టును అడగాల్సింది లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్, అంటే పోయినవారి ఆస్తి వ్యవహారం చూసే అధికారపత్రం. వారసుల్లో ఒక్కరు అభ్యంతరం చెప్పినా ఆ పిటిషన్ దావాగా మారుతుంది. అక్కడి నుంచి ఏళ్ల లెక్కే.

అందుకే కోర్టుకు వెళ్లే ముందు లాయరును ఒక మాట అడగండి: వీలునామా లేదనుకుంటే ఎవరెవరికి హక్కు వస్తుందో వాళ్లందరూ అమ్మకందార్లుగా గానీ, సమ్మతి తెలిపే పార్టీలుగా గానీ సేల్ డీడ్‌లో సంతకం పెడితే ఒప్పుకుంటారా? చాలామంది ఒప్పుకుంటారు. అందరూ సంతకం పెట్టాక వీలునామా అసలుదైనా నకిలీదైనా మీకు ఒరిగేదీ పోయేదీ లేదు.

అయితే ఆ 'అందరూ' ఎవరన్న దగ్గరే పని చెడుతుంది. అమ్మేవాళ్లు తహసీల్దార్ ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెచ్చిస్తారు. అందులో భార్య, కొడుకు, కూతురు అని మూడు పేర్లుంటాయి. ఆయన పోయిన రోజున ఆయన తల్లి, అంటే ఆ పిల్లల నానమ్మ, బతికుందా అని ఎవరూ అడగరు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే. భార్యకు, ఒక్కో బిడ్డకు ఎంతో ఆమెకూ అంతే.

కాగితం మీద వేసి చూడండి. 2016లో నానమ్మ ఉంటే నలుగురికీ తలా పావు. ఆమె 2019లో వీలునామా రాయకుండా పోయిందనుకుందాం, తాతగారు అంతకు ముందే లేరు. ఆమె పావు వాటా మళ్లీ ఆమె వారసులకు పోతుంది. అంటే మీ యజమాని అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ. ఆయనకు ఒక తమ్ముడు, ఒక చెల్లెలు ఉంటే ఆ పావు మూడు ముక్కలవుతుంది: తమ్ముడికి ఒకటి, చెల్లెలికి ఒకటి, ముందే పోయిన మీ యజమాని పిల్లలిద్దరికీ కలిపి ఒకటి. ఇల్లు మొత్తం 24 భాగాలు అనుకుంటే భార్యకు 6, కొడుకుకు 7, కూతురికి 7, బాబాయికి 2, మేనత్తకు 2. ఆ ఇంటి గడప తొక్కని మేనత్త సంతకం లేకుండా 24లో 2 భాగాలు మీకు రావు. ఇంట్లో అందరికీ ఇది వింతగా తోస్తుంది, 'ఆమెకేం సంబంధం' అంటారు. సంబంధం ఉంది.

కాబట్టి వంశవృక్షం ఈ రోజు బతికున్నవాళ్లతో మొదలుపెట్టకండి. ఆయన పోయిన తేదీన ఎవరున్నారో రాయండి. ఆ తర్వాత వాళ్లలో ఎవరు పోతే అక్కడ మళ్లీ కొమ్మలు వేయండి. ప్రతి పేరు పక్కన మరణ ధ్రువపత్రమో ఆధార్ నకలో ఉండాలి. ఇంటిపేరు, తండ్రి పేరు సేల్ డీడ్‌లో ఒకలా, మరణ ధ్రువపత్రంలో ఇంకోలా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. నానమ్మ మరణం అసలు నమోదే కాకపోతే, ఏడాది దాటింది కాబట్టి మేజిస్ట్రేట్ స్థాయి ఉత్తర్వు కావాలి. దానికి టైము పడుతుంది.

ఒక కొమ్మలో మైనరు తేలితే ఆగండి. ఉదాహరణకు బాబాయి కూడా నానమ్మ తర్వాత పోయి, ఆయన కూతురికి 16 ఏళ్లు అనుకుందాం. తల్లి గార్డియన్‌గా సంతకం పెడితే చాలదు, కోర్టు అనుమతి ఉండాలి. అది లేకుండా కొంటే ఆ పిల్ల 18 నిండాక మూడేళ్ల లోపు తన వాటా అమ్మకాన్ని రద్దు చేయమని అడగవచ్చు.

కొన్ని కాగితాలను చూసి మోసపోకండి. ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) ఏమీ లేదంటే రిజిస్టరైన లావాదేవీలు లేవని మాత్రమే. మరణాలు, రిజిస్టర్ కాని వీలునామాలు అందులో కనిపించవు. మున్సిపల్ పన్ను రికార్డులో భార్య పేరు ఎక్కినంత మాత్రాన ఆమె యజమాని కాదు. సక్సెషన్ సర్టిఫికెట్ డిపాజిట్లు, బాకీల వంటి వాటికి, ఇంటికి కాదు. దానికోసం కోర్టులో అర్జీ పెట్టామని చెబితే మీ పని ముందుకు జరిగినట్టు కాదు.

బాబాయి, మేనత్త డబ్బు అక్కర్లేదంటే సేల్ డీడ్‌కు ముందే రిలీజ్ డీడ్ (హక్కు వదులుకునే పత్రం) రాయించి రిజిస్టర్ చేయించాలి. నోటరీ అఫిడవిట్‌తో హక్కు పోదు.

ఇక మీ అగ్రిమెంట్. గడువు 'సంతకం తేదీ నుంచి 3 నెలలు' అని ఉంటే అది దాటిపోయింది. అమ్మేవాళ్లు రేటు పెంచడానికి దీన్నే పట్టుకుంటారు. వారసులందరితో కొత్తగా రాయించుకోండి: కాగితాలన్నీ చేతికిచ్చిన రోజు నుంచి గడువు లెక్క, ఫలానా తేదీలోగా ఇవ్వకపోతే బయానా వాపసు. ఇకపై ఎవరి వాటా డబ్బు వాళ్ల ఖాతాకే పంపండి, ఒక్కరి చేతిలో మొత్తం పోయకండి. ధర 50 లక్షలు లేదా అంతకు మించితే, ఇక్కడ నివసించే అమ్మకందార్ల వాటాపై 1 శాతం టీడీఎస్ (వాళ్లకిచ్చే డబ్బులోంచి మీరు కోసే పన్ను) ఒక్కొక్కరి పాన్ మీద విడిగా కట్టాలి. అమెరికా కూతురికి ఆ 1 శాతం వర్తించదు, కోత చాలా ఎక్కువ. తక్కువ కోత కోసం ఆమె ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు, ఆ అర్జీ ఇప్పుడే పెట్టించండి.

ఆమె రాలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపాలి. ఈ ఇంటి వివరాలు, అమ్మే అధికారం, రిజిస్ట్రేషన్‌కు హాజరయ్యే అధికారం విడివిడిగా రాసుండాలి. అది ఇండియా చేరిన మూడు నెలల లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు వేయించాలి. కొరియర్ కవరు పారేయకండి, చేరిన తేదీకి అదే సాక్ష్యం. పవర్ ఇచ్చిన మనిషి పోతే పవర్ కూడా పోతుంది కాబట్టి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు బయలుదేరే ముందు ఆమెతో వీడియో కాల్‌లో ఒకసారి మాట్లాడండి.