గోడ పక్కన తీగలు ఎండిపోతుంటే

నీళ్లు చాలక కాదు, గోడ కట్టినప్పుడు పునాది పక్కన పూడ్చేసిన సిమెంటు పెళ్లల వల్ల అయ్యుంటుంది. జడ్చర్ల దగ్గర హైవే చప్పుడు ఆపే గోడ వెంట మీ కాలనీ వాళ్లు నాటిన రాధామనోహరం, రోజూ నీళ్లు పోస్తున్నా లేత ఆకులు పసుపుగా మారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటున్నాయన్నారు కదా, అది సున్నం ఎక్కువైన మట్టిలో ఇనుము అందక కనిపించే లక్షణం.

1. ఒక మొక్క పక్కన మోకాలి లోతు తవ్వండి. ఆ మట్టి మీద కాస్త వెనిగర్ పోస్తే బుసబుసా నురగ వచ్చిందా, సున్నమే.

2. కొత్త గుంత గోడకు రెండడుగులు ఎడంగా తియ్యండి, పునాది జోలికి పోవద్దు. కేబుళ్లు ఉంటాయి, హైవే వాళ్లను ముందే అడగండి.

3. అందరూ తప్పేది ఇక్కడే. తవ్విన మట్టినే మళ్లీ గుంతలో నింపేస్తారు! నల్గొండలో మేమూ అదే చేసి మొదటి ఎండాకాలంలోనే సగం మొక్కలు పోగొట్టుకున్నాం. ఆ మట్టి మొత్తం తీసి పారేసి, అడుగున గట్టిపడ్డ మొరాన్ని గడ్డపారతో పగలగొట్టి, రెండు పాళ్లు చెలక ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపండి. పచ్చి పేడ వద్దు, వేర్లు మాడిపోతాయి.

4. మృగశిర కార్తెలో వాన పడ్డాక నాటి, తీగను కర్రతో గోడ వైపు వాల్చండి.

తీగలతో చప్పుడు పెద్దగా తగ్గదు, గోడ వేడి మాత్రం తగ్గుతుంది.