జనరేటర్ ప్యానెళ్ల పని మాన్పించి బీటెక్‌లో చేర్పించాలా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. రొయ్యల సాగు చేస్తాను. మావాడు పాలిటెక్నిక్‌లో ట్రిపుల్ ఈ పూర్తిచేసి, నెల్లూరులో జనరేటర్లు సర్వీసు చేసే ఓ సంస్థలో చేరాడు. ఏం నేర్చుకుంటున్నావురా అంటే ‘కంట్రోలర్‌లో ఫేజ్ సీక్వెన్స్ అలారం సెట్ చేయడం’ అంటాడు. వేళాపాళా లేకుండా ఫోన్లొస్తుంటాయి. ఎంతైనా మెకానిక్ పనే కదా, మాన్పించి బీటెక్ కోసం ఈసెట్ రాయిద్దామని ఉంది. మీ సలహా ఏమిటి?

జవాబు: తొందరపడకండి. మీవాడు చెప్పింది మూడు ఫేజుల వరుస తప్పితే జనరేటర్‌ను నడిపే కంట్రోలర్ మోగించే అలారం. దాని విలువ రొయ్యల రైతుకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కరెంటు పోయింది, జనరేటర్ అందుకుంది, నీటికి గాలి అందించే ఏరియేటర్లన్నీ ఎదురు తిరుగుతున్నాయి. మీ గుంటల దగ్గర కాకపోయినా పక్కవాళ్ల గట్టుమీదైనా ఈ తంతు చూసే ఉంటారు. ఆర్, వై, బి అనే మూడు ఫేజుల తీగల్లో ఏ రెండు తారుమారైనా త్రీఫేజ్ మోటారు రివర్సులో తిరుగుతుంది. వోల్టేజీ 415 దగ్గర, ఫ్రీక్వెన్సీ 50 దగ్గర నిక్షేపంగా ఉంటాయి. మామూలు మీటర్లు ఈ తప్పును పట్టుకోలేవు కాబట్టే కంట్రోలర్‌లో దీనికి విడిగా అలారం పెట్టారు. రక్షణ పరికరాలైన రిలేల లెక్కలో దాని నంబరు 47.

సెట్ చేయడం వరకు చూస్తే మీరన్నట్టు అది పెద్ద విద్యేమీ కాదు. ల్యాప్‌టాప్‌ను కంట్రోలర్‌కు తగిలించి, సాఫ్ట్‌వేర్‌లో జనరేటర్ పేజీ తెరిచి, ఫేజ్ రొటేషన్ దగ్గర టిక్ పెట్టి, ఎల్1-ఎల్2-ఎల్3 (ఆర్, వై, బిలకే ఇంకో పేరు) అని ఎంచుకుంటే అయిపోయింది. డీప్‌సీ కంపెనీ కంట్రోలర్ అయినా కామ్యాప్‌ది అయినా కాస్త అటూ ఇటూగా ఇంతే. అసలు చదువు ఆ తర్వాత మొదలవుతుంది.

అలారం మోగుతోంది, ఎలాగైనా ఆపమని రైతు ఒత్తిడి చేస్తాడు. టిక్ తీసేసినా, వరుసను ఎల్3-ఎల్2-ఎల్1 అని మార్చినా అలారం నోరు మూస్తుంది. ఏరియేటర్లు మాత్రం ఎదురు తిరుగుతూనే ఉంటాయి, ఎందుకంటే కంట్రోలర్ ఫేజుల వరుసను చూడగలదే గానీ మార్చలేదు. మార్చాలంటే ఇంజను ఆపి, రెండు కేబుళ్లు అటుదిటు, ఇటుదటు కట్టాల్సిందే. అసలు కేబుళ్లు సరిగానే ఉండి, కంట్రోలర్‌కు వోల్టేజీ చూపించే సన్నని సెన్సింగ్ వైర్లు రెండు తారుమారైనా ఇదే అలారం వస్తుంది. అప్పుడు కేబుళ్లు మార్చాడా, బాగున్న మోటార్లను చేజేతులా తిప్పేసినట్టే. వీటికంటే చిక్కు ఇంకోటుంది. సెన్సింగ్ వైర్లు కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ దగ్గర తీసుకుంటారు, తప్పు మాత్రం లోడును లైను కరెంటు నుంచి జనరేటర్‌కు మార్చే ఛేంజోవర్ దాటాక జరిగి ఉంటుంది. కంట్రోలర్ అంతా బాగుందనే చూపిస్తుంది. ఫేజ్ సీక్వెన్స్ మీటరు పట్టుకుని ఒక్కో చోటా చూసుకుంటూ వెళ్లినవాడికే అది దొరుకుతుంది.

ఇక అలారం వస్తే యంత్రం ఏం చేయాలన్నది. వార్నింగ్ అని పెడితే దీపం వెలుగుతుంది, జనరేటర్ లోడు మోస్తూనే ఉంటుంది. ఎలక్ట్రికల్ ట్రిప్ అయితే లోడు వదిలేసి, ఇంజను ఖాళీగా కాసేపు తిరిగి చల్లబడ్డాక ఆగుతుంది. షట్‌డౌన్ అయితే ఉన్నపళంగా ఆగిపోతుంది. ఫేజుల వరుస తప్పితే ఇంజనుకొచ్చిన ముప్పేమీ లేదు కాబట్టి షట్‌డౌన్ దండగ. నేనైతే ట్రిప్ అనే అంటాను. కానీ గుంటల్లో రొయ్యలున్నప్పుడు రాత్రి ట్రిప్ అయితే గాలి ఆగి, ఆక్సిజన్ పడిపోయి పంటే పోతుంది. అందుకని కేబుల్ ఊడదీసిన ప్రతిసారీ, లైన్‌మెన్ ట్రాన్స్‌ఫార్మర్ మార్చిన ప్రతిసారీ, కరెంటు వైపు, జనరేటర్ వైపు రెండూ పగలే చూసి పెట్టుకోవాలి. ఈ మాట రైతుకు చెప్పి ఒప్పించడం కూడా మీవాడి ఉద్యోగంలో భాగమే.

ఇవన్నీ తెలిసినవాళ్లకు పని మన చుట్టుపక్కలే ఉంది. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు, ఆసుపత్రులు, కృష్ణపట్నం రేవు, చీమకుర్తి గ్రానైట్ క్వారీలు, ఏదీ జనరేటర్ లేకుండా నడవదు. 800 కిలోవాట్ల వరకు జనరేటర్లకు 2023 జూలై 1 నుంచి కొత్త కాలుష్య నిబంధనలు వచ్చాక ఇంజన్లకు ఎలక్ట్రానిక్ కంట్రోల్ వచ్చిపడింది. స్పానర్ పట్టే చెయ్యే ల్యాప్‌టాప్ కూడా పట్టాలి. ఆపై మెట్టు రెండు మూడు జనరేటర్లను కలిపి నడిపే సింక్రనైజింగ్ ప్యానెళ్లు. అక్కడ ఫేజుల వరుస తప్పుగా ఉండగా జనరేటర్లను కలిపే బ్రేకర్ వేస్తే మోటారు ఎదురు తిరగడంతో పోదు, ఆల్టర్నేటరే దెబ్బతినొచ్చు. ఆ పని అందరి చేతుల్లోనూ పెట్టరు. జీతం పెరిగేదీ అక్కడే.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఒక్కటే. ఈ పూట అన్నం దగ్గర మీవాణ్ని అడగండి: ‘మన జనరేటర్‌కు ఆ అలారం వస్తే ముందు ఏం చూస్తావురా?’ సెట్టింగ్ మార్చేస్తానన్నాడంటే పని ఇంకా వంటబట్టలేదు. సెన్సింగ్ వైర్లు ఎక్కడినుంచి తీశారో చూస్తానన్నాడంటే ఇంకో ఏడాది కదపకండి. ఒకవేళ ఆ సంస్థ వాడిచేత ఆయిల్ మార్పించి, ఫిల్టర్లు కడిగించడానికే పరిమితమైతే మాత్రం మీ ఆలోచనే సరైనది, మాన్పించండి.

ఈసెట్ ఏటా ఉంటుంది, రాసి ర్యాంకు తెచ్చుకుంటే నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. ఫీల్డులో ఏడాది తిరిగి వెళ్లినవాడికి మెషీన్స్, ప్రొటెక్షన్ సబ్జెక్టులు కొరుకుడుపడనివిగా ఉండవు. ఈలోగా ఎలక్ట్రికల్ పనులు పర్యవేక్షించడానికిచ్చే సూపర్‌వైజర్ పర్మిట్‌కు కావాల్సిన అనుభవం కాగితాలు సంస్థ లెటర్‌హెడ్ మీద తీసిపెట్టుకోమనండి. తర్వాత అడిగితే ఇచ్చేవాళ్లు తక్కువ. రాత్రి ఫోన్లంటారా, ఈ రంగంలో అవి తప్పవు. డ్యూటీలు వంతులవారీగా వేస్తారో లేదో మీవాడే సంస్థతో తేల్చుకోవాలి.