కెర్నల్ పానిక్ వస్తే ఫార్మాట్ చేయాల్సిందేనా?

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వాడుతున్నాను. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే డిస్క్ ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్నాను. నిన్న అప్‌డేట్ చేసి రీస్టార్ట్ చేస్తే పాస్‌వర్డ్ కూడా అడగకుండా ‘కెర్నల్ పానిక్’ అని వచ్చి ఆగిపోయింది. ఆ వరుసలోనే ‘అన్‌నోన్ బ్లాక్ 0,0’ అని ఉంది. డిస్క్ పోయింది, ఫార్మాట్ చేయాలని షాపులో అంటున్నారు. ప్రాజెక్టు ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది.
- ఇంజినీరింగ్ విద్యార్థిని, కాకినాడ

జవాబు: దయచేసి ఫార్మాట్‌కు ఒప్పుకోకండి. మీరు రాసినదాన్ని బట్టి మీ ఫైళ్లు భద్రంగానే ఉండాలి.

పాస్‌వర్డ్ అడగలేదన్నారు చూడండి, అసలు ఆధారం అదే. కెర్నల్ అంటే ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి ప్రోగ్రామ్; అది ముందుకు సాగలేక ఆగిపోవడమే పానిక్. ఎన్‌క్రిప్ట్ చేసిన, అంటే పాస్‌వర్డ్‌తో తాళం వేసిన డిస్క్‌ను కెర్నల్ తనంతట తాను తెరవలేదు. ముందుగా ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అనే చిన్న ఫైల్ సిస్టమ్ మెమరీలోకి వస్తుంది. డిస్క్ డ్రైవర్లు, పాస్‌వర్డ్ అడిగే ప్రోగ్రామ్ ఉండేది అందులోనే. అది రాకపోతే కెర్నల్‌కు మీ డిస్క్ కనిపించనే కనిపించదు. ‘0,0’ అంటే ఏ డిస్కూ దొరకలేదని అర్థం, డిస్క్ పాడైందని కాదు.

మరి ఆ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ ఫైల్ ఏమైంది? ఎన్‌క్రిప్షన్ ఎంచుకుంటే ఉబుంటు ‘బూట్’ (కెర్నళ్లు, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ ఉండే చోటు) కోసం డిస్క్‌లో చిన్న భాగాన్ని (పార్టిషన్) విడిగా పెడుతుంది. పాత కెర్నళ్లతో అది నిండిపోతే, అప్‌డేట్ మధ్యలో కొత్త ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ తయారు కాకుండా ఆగిపోతుంది. మీకు జరిగింది ఇదేనని నా అంచనా.

ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే ఎస్కేప్ కీ నొక్కండి (పాత బయోస్ మెషీన్లలో షిఫ్ట్). అప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో (ఏ కెర్నల్‌తో మొదలవ్వాలో ఎంచుకునే తెర) ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లోకి వెళ్లి, కిందనున్న పాత కెర్నల్‌ను ఎంచుకోండి. పాస్‌వర్డ్ అడిగిందంటే గండం గడిచినట్టే. లోపలికి వెళ్లగానే ప్రాజెక్టు ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి, మిగతా పనులు తర్వాత. ఆపైన టెర్మినల్‌లో ‘ఆప్ట్ ఆటోరిమూవ్’ కమాండ్‌తో అక్కర్లేని కెర్నళ్లు తీసేసి, ‘అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్’ను కొత్త కెర్నల్ వెర్షన్ చెప్పి నడపండి. చివర్లో ‘అప్‌డేట్-గ్రబ్’ తప్పనిసరి. ఫైల్ లేనప్పుడు తయారైన గ్రబ్ మెనూలో దాన్ని లోడ్ చేయమనే వరుసే ఉండదు. చాలామంది ఇది మరిచిపోయి, మళ్లీ అదే పానిక్ చూసి బెంబేలెత్తిపోతారు.

పాత కెర్నల్ కూడా ఆగిపోతే గ్రబ్‌లో ‘ఇ’ నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరుసలో ‘క్వైట్’, ‘స్ప్లాష్’ పదాలు తీసేసి, కంట్రోల్ ఎక్స్ కొట్టండి. అప్పుడు కెర్నల్ చేసే ప్రతి పనీ తెరమీద కనిపిస్తుంది. ఈ దశలో డిస్క్ ఇంకా తెరుచుకోలేదు కాబట్టి ఏ లాగ్ ఫైల్‌లోనూ ఇవి ఉండవు. అందుకే ఫోన్‌తో వీడియో తీయండి. పానిక్ అన్న వరుస దగ్గరే ఆగకుండా దానికి పైనున్న 20, 30 వరుసలు చదవండి, కారణం ఎక్కువగా అక్కడే దొరుకుతుంది. ప్రతిసారీ వేర్వేరు చోట ఆగుతుంటే మాత్రం ర్యామ్‌ను అనుమానించి, దాన్ని పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రామ్‌ను ఒక రాత్రంతా నడపండి.

అప్పటికీ తేలకపోతే ఆ వరుసల ఫొటో పంపండి, చూసి చెబుతాను.