మరిచిపోయినవాడి కథ ఎవరి దగ్గర ఉండాలి?

తమ్ముడూ,

బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రగా మాటలతో, పాచికలతో ఆడే రోల్‌ప్లేయింగ్ ఆట కోసం నువ్వు రాసి పంపిన క్యాంపెయిన్ (పలు సెషన్ల పాటు సాగే కథ) చదివాను. దాన్ని గేమ్ మాస్టర్‌గా, అంటే ఆట నడిపేవాడిగా, నడపబోయేది నువ్వే కదా. ఆ రేవు పట్నం, ఉప్పు గోదాములు, రాత్రిపూట సరుకు దించే దొంగ పడవలు కళ్లకు కట్టాయి. చిక్కంతా ఆ మతిమరుపు కత్తివీరుడితోనే. ఆ పాత్ర ఆడబోయే కుర్రాడు క్యారెక్టర్ షీటు (పాత్ర వివరాలు రాసుకునే కాగితం) మీద "గతం గుర్తులేదు" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు. నువ్వేమో ఏడు పేజీల గతం రాసి గుట్టుగా దాచుకున్నావు. నవలకైతే చెల్లుతుంది. బల్ల చుట్టూ కూర్చుని ఆడేవాళ్ల దగ్గర ఇది నడవదు. నువ్వు గుట్టు విప్పేదాకా అతను గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి.

పాత్ర మరిచిపోయింది బల్ల దగ్గర ఇంకెవరికైనా గుర్తుండాలి. హనుమంతుడికి శాపం వల్ల తన బలం తనకే తెలియదు. సముద్రపు ఒడ్డున దాన్ని గుర్తుచేసింది ఆకాశవాణి కాదు, పక్కనే ఉన్న జాంబవంతుడు. నీ ఆటలో ఆకాశవాణివి నువ్వే కాబట్టి కాస్త నోరు కట్టుకుని, జాంబవంతుడి పని తక్కినవాళ్లకు అప్పగించు. మొదటి సెషన్‌కి ముందే ఒక్కొక్కరినీ విడిగా అడుగు: ఈ కత్తివీరుడి గురించి నీ పాత్రకు తెలిసిన సంగతి ఒకటి చెప్పు. ఒకరు "మా అన్నకి బాకీ పడ్డాడు" అంటారు, ఇంకొకరు "వీణ్ణి వేరే పేరుతో పిలవగా విన్నాను" అంటారు. అవి ఒకదానితో ఒకటి పొసగకపోయినా సర్దబోకు. ఆ తేడా ఏమిటో వాళ్లే తవ్వుకుంటారు.

ఎంత మరిచిపోవాలి అన్నదీ ఆలోచించు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట ఐదో ఎడిషన్‌కి 2014లో వచ్చిన గేమ్ మాస్టర్ పుస్తకంలోని ఉన్మాదాల పట్టికలో పాక్షిక మతిమరుపు ఒకటుంది. దాని ప్రకారం తానెవరో తెలుసు, నేర్చిన విద్యా పోదు, మనుషుల్ని మాత్రం పోల్చుకోలేడు, అంతకుముందు జరిగిందేదీ గుర్తుండదు. అదీ పాచిక పడినదాన్ని బట్టి 10 నుంచి 100 గంటలే. కాల్ ఆఫ్ కుతుల్హు అనే మరో ఆట ఏడో ఎడిషన్‌లో ఇంకా తక్కువ, చివరిసారి క్షేమంగా ఉన్న చోటు తర్వాత జరిగింది మాత్రమే చెరిగిపోతుంది. పుట్టినప్పటి నుంచీ అంతా తుడిచేస్తే ఆటగాడికి నోరు పెగలదు. నీవాడికి మూడేళ్లు పోగొట్టు చాలు. అమ్మ పేరు, సొంతూరు, కత్తి పట్టించిన గురువు ఉండనీ.

నాలుగో సెషన్‌లో అతను కళ్లు తిరిగి పడిపోతే నువ్వు పేజీన్నర గతం చదివి వినిపిస్తావట! తీసెయ్. అందరూ ఏరు దాటడానికి పడవెక్కుతారు కదా, అక్కడ పెట్టు. పడవవాడు అందరి దగ్గరా కిరాయి పుచ్చుకుని, ఇతని చెయ్యి మాత్రం వెనక్కి నెట్టి, "నీ దగ్గర తీసుకోను బాబూ, పోయినసారి చేసింది చాలు" అంటాడు. అక్కడ ఆగిపో. చేసింది మేలో కీడో నువ్వు చెప్పకు. "వాడి గొంతులో భయముందా, అభిమానముందా?" అని కత్తివీరుణ్ణే అడుగు. అతనేమంటే అదే గతం. దానికి అడ్డొచ్చేవన్నీ నీ ఏడు పేజీల్లోంచి కొట్టెయ్. ప్రాణం ఉసూరుమంటుంది, నాకు తెలుసు.

ఐదో పేజీలో అతను సొంత పిల్లల్నే చంపుకున్నాడని రాశావు. అడక్కుండా ఇలాంటిది ఎవరి నెత్తినా పెట్టకు. "నీ గతంలో ఏది ఉండకూడదు?" అని ముందే కనుక్కో. బల్ల మీద ఎక్స్ కార్డు కూడా ఉంచు. ఎవరైనా దాన్ని తాకితే, ఎందుకని అడక్కుండా ఆ సంగతి వదిలేసి ముందుకెళ్లాలి.

ఇక మిగతావాళ్ల బ్యాక్‌స్టోరీలు. 1977లో వచ్చిన ట్రావెలర్ అనే ఆటలో పాత్ర గతాన్ని పాచికలే తేల్చేవి: నాలుగేసి ఏళ్ల కొలువులు, ప్రతి కొలువులోనూ ప్రాణగండం. ఆట మొదలుకాకముందే పాత్ర చచ్చిపోయినా పోవచ్చు. అంత మొరటుగా అక్కర్లేదు గానీ, అరపేజీ దాటనివ్వకు. అందులో పాత్రకి పని పడే మనిషి ఒకరైనా బతికుండాలి. కొత్తవాళ్లు ఎందుకో ఇంటిల్లిపాదినీ చంపేసి గానీ షీటు నింపరు. చచ్చిపోయిన చుట్టాలు అప్పు అడగడానికి రారు, దొంగ పడవలో దొరికిపోరు. నీ ఆటలోని వైద్యురాలి పాత్ర కుటుంబాన్ని మహమ్మారికి బలిచ్చావు సరే, ఆ మేనమామనైనా బతికించు. రెండో సెషన్‌కి మనకో అప్పులవాడు కావాలి.