షీట్లు తరువాత, ముందు సందులు చూడండి

ప్రశ్న: మాది 2014 మోడల్ 1.3 లీటర్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్. బడిపంతులు ఉద్యోగం. మాచర్ల నుంచి గుంటూరు బయలుదేరితే రెంటచింతల దాటేసరికి ఏసీ ఉన్నా కాళ్ల దగ్గర సెగ తట్టుకోలేకపోతున్నాం. ఇంజిను గడగడ కూడా ఈ మధ్య బాగా పెరిగింది. వెనక కూర్చున్న మా అమ్మగారితో మాట్లాడాలంటే అరవాల్సి వస్తోంది. బానెట్ లోపలి ఫెల్టును ఎలుకలు కొరికేస్తే తీసి పారేశాను. ఇంజిను గది చుట్టూ వెండిరంగు షీట్లు, నల్ల స్పాంజి అంటిస్తే వేడి, చప్పుడు రెండూ పోతాయని యాక్సెసరీల దుకాణంలో చెబుతున్నారు. వేయించమంటారా? – ఒక పాఠకుడు, మాచర్ల

జవాబు: వద్దు మాస్టారూ, ఇప్పుడప్పుడే వద్దు. ఇన్నేళ్లు బుద్ధిగా నడిచిన బండి ఈ మధ్యే గోల పెంచిందంటే కొత్తగా ఏదో చెడిందన్నమాట. దాన్ని వదిలేసి షీట్లు అంటించడం పుచ్చిన పంటికి తొడుగు వేయించుకోవడమే.

ముందు ఇంజిను మౌంటింగులు చూపించండి. ఇంజినును బాడీకి పట్టి ఉంచే ఈ రబ్బరు దిమ్మలు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి, నెర్రెలిచ్చి కుంగిపోతాయి. అప్పుడు ఇంజిను అదురు రబ్బరులో ఆగకుండా నేరుగా బాడీలోకి దిగుతుంది. బండిని న్యూట్రల్‌లో ఉంచి, ఏసీ వేసి, స్టీరింగు మీద చెయ్యి పెట్టండి. అదురు బాగా తెలుస్తూ, యాక్సిలరేటర్ కాస్త తొక్కగానే తగ్గిపోతే నా అనుమానం మౌంటింగుల మీదే. అవి మార్చకుండా ఎంత ఖరీదైన షీటు వేసినా దండగ.

రెండోది ఫైర్‌వాల్. ఇంజినుకూ మీ కాళ్లకూ మధ్య ఉన్న ఆ ఇనుప గోడలోంచి వైర్ల కట్ట, స్టీరింగు కడ్డీ, ఏసీ గొట్టాలు వస్తాయి. ప్రతి రంధ్రానికీ సందు లేకుండా మూసే రబ్బరు గ్రోమెట్ ఉంటుంది. మ్యూజిక్ సిస్టమ్ బిగించేవాళ్లు బ్యాటరీ వైరు లోపలికి లాగడానికి దాన్ని బ్లేడుతో చీల్చి, అలాగే వదిలేసి పోతారు. గోడలో నూటికి ఒక వంతు ఖాళీ ఉంటే చాలు, మిగతా గోడ ఎంత మందంగా ఉన్నా చప్పుడు 20 డెసిబెల్స్‌కు మించి తగ్గదు. అందుకే ఈ పని చేయండి: చీకటి పడ్డాక, చల్లారిన బండి బానెట్ ఎత్తి, ఒకరిని టార్చిలైటు ఫైర్‌వాల్ వెంబడి మెల్లగా జరపమనండి. మీరు డ్రైవర్ సీటు ముందు వెల్లకిలా పడుకుని, కార్పెట్ అంచు పైకెత్తి క్లచ్ పెడల్ పైభాగం చూడండి. వెలుతురు చుక్క కనిపించిన చోటల్లా చప్పుడుకూ సెగకూ దారి ఉన్నట్లే. కొత్త గ్రోమెట్ వేయించండి, పెద్ద ఖర్చేమీ కాదు.

ఇక కాళ్ల దగ్గర సెగ. బానెట్ వెనక అంచున, ముందు అద్దానికి కింద, ఈ చివరి నుంచి ఆ చివరికి రబ్బరు బీడింగు ఉంటుంది. క్యాబిన్‌లోకి బయటి గాలి వచ్చేది దాని వెనక ఉన్న జాలీలోంచే. బీడింగు ఊడినా, అణిగిపోయినా ఇంజిను మీది వేడిగాలి తిన్నగా ఆ జాలీలోకి, అక్కడి నుంచి మీ కాళ్ల మీదికి వస్తుంది. కాగితం ముక్కను బీడింగు మీద పెట్టి బానెట్ మూయండి. లాగితే పట్టు లేకుండా జారి వచ్చేస్తే అక్కడ సందు ఉన్నట్లు. పల్నాడు ఎండలో ఏసీని లోపలి గాలే తిరిగేలా పెట్టుకోవడం ఎలాగూ మంచిది.

బండి కింద సైలెన్సర్ గొట్టం మీద, పైన టర్బో దగ్గర పలుచని రేకులు ఉన్నాయో లేదో కూడా చూడండి. బోల్టు వదులై గలగలమంటే బిగించే ఓపిక లేక పీకి మూలన పడేసే మెకానిక్కులు మా ఆటోనగర్‌లోనూ తక్కువేమీ లేరు. ఆ రేకుకూ గొట్టానికీ మధ్య ఉన్న ఖాళీలోనే అసలు కిటుకు ఉంది: రేకు మెరుపు సెగను వెనక్కి తిప్పికొడుతుంది, మధ్యలో పారే గాలి మిగతా వేడిని ఈడ్చుకుపోతుంది. వెండిరంగు షీటును వేడి భాగానికే అతికించారనుకోండి, ఖాళీ ఉండదు, మెరుపు వల్ల లాభమూ ఉండదు.

నల్ల స్పాంజి మాత్రం ఎప్పటికీ వద్దు. ఇంజినులో కూలెంట్ 90 డిగ్రీల దగ్గర ఉంటే, పొగ వెళ్లే మ్యానిఫోల్డ్ వేడి వందల డిగ్రీల్లో ఉంటుంది. డీజిలు, ఆయిలు పీల్చుకున్న స్పాంజిని దాని పక్కన ఉంచడమంటే నిప్పుకు చోటు చూపించడమే. బానెట్‌కు మీ మోడల్‌దే అసలు ఫెల్టు, కొత్త క్లిప్పులతో సహా తెచ్చి బిగించండి. దానివల్ల బానెట్ రంగుకు, బయట నిలబడ్డవారి చెవులకు ఎక్కువ మేలు, లోపలివారికి కొంతే.

ఇవన్నీ అయ్యాక కూడా మనసు ఊరుకోకపోతే కార్పెట్ కింద నేలరేకుకు, తలుపుల లోపలికి అదురును అణిచే బ్యూటైల్ రబ్బరు షీట్లు (డ్యాంపింగ్ షీట్లు) వేయించండి. ప్రతి రేకులో నాలుగో వంతు కప్పినా అదురు చాలావరకు అణుగుతుంది. మొత్తం కప్పాలనేది దుకాణంవారి లెక్క. తారు షీట్లు చవకే గాని, ఎండకు మెత్తబడి బండంతా వాసన కొడతాయి.

ప్రశ్న: మా పెట్రోలు కారు ఇంజిను ఆపేసినా ముందు ఫ్యాను కాసేపు తిరుగుతూనే ఉంటోంది. బ్యాటరీ దిగిపోతుందా? – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: దిగదమ్మా. బండి ఆగగానే ఇంజిను గదిలో గాలి కదలిక ఆగిపోయి, వేడి ఒక్కసారిగా పెరుగుతుంది. దాన్ని దించడానికే కొన్ని మోడళ్లలో ఫ్యాను అలా తిరుగుతుంది. ఒకటి రెండు నిమిషాల్లో ఆగిపోతే దిగులు పడకండి. పావుగంటైనా ఆగకపోతే ఫ్యాను రిలేగాని, వేడిని కొలిచే సెన్సరుగాని చూపించండి. ఈలోపు చల్లారుతుందని ఇంజిను మీద నీళ్లు పోయవద్దు, రేడియేటర్ మూత తిప్పవద్దు. లోపల ఒత్తిడి మీద ఉన్న నీరు వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది, మూత వదులైన మరుక్షణం ముఖం మీదికి ఎగజిమ్ముతుంది.