బీరువాలో పెట్టకు

చిట్టితల్లీ,

మీ అత్తగారిని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేసుకుంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. బరువంతా నీ ఒక్కదాని మీద పడుతుందని దిగులు, మా పిల్ల ఇంత పని నెత్తికెత్తుకుందని గర్వం.

రెండు గంటలకోసారి పక్కకు తిప్పు. పెదాలు ఎండకుండా తడిబట్టతో అద్దుతూ ఉండు. తినలేనంటే బలవంతంగా పెట్టకు. నయంకాని జబ్బు వాళ్లను చివరిదాకా చూసుకునే స్పర్శ్ హాస్పీస్ వాళ్లు ఇంటికొచ్చి చూస్తారు, డబ్బు తీసుకోరు. మొహమాటపడకుండా ఇవాళే ఫోన్ చెయ్యి.

ఇక మార్ఫిన్ సంగతి, అదే, పెద్ద నొప్పికి ఇచ్చే మందు. 2009లో మీ పెదనాన్నకు కాన్సర్ ఎముకల్లోకి పాకినప్పుడు, నాలుగు గంటలకొకటి వెయ్యమని మాత్రలిచ్చారు. అలవాటైపోతుందని ఎవరో అన్నారు. నేను నమ్మాను. అట్టలు బీరువాలో పెట్టి, తాళంచెవి కొంగుకు కట్టుకున్నాను. "మరీ ఓర్చుకోలేకపోతే అడగండి" అన్నాను. ఆయనేమో మంచినీళ్లు కూడా నోరు తెరిచి అడగని మనిషి. రెండు రోజులు అడగలేదు. నొప్పి తగ్గిందనుకుని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. మూడో రోజు పొద్దున దుప్పటి మారుస్తుంటే మంచం పక్క గోడ కనబడింది. జానెడు మేర సున్నం గీరేసి, లోపలి ఇటుక బయటపడింది. ఆయన వేళ్లు పట్టుకు చూస్తే గోళ్ల నిండా సున్నం. "నువ్వు అప్పుడే పడుకున్నావు, లేపడం ఎందుకని" అన్నారు. ఆ గోడకు ఇప్పటికీ సున్నం వేయించలేదమ్మా.

మార్ఫిన్ అనేది నొప్పి వచ్చాక వెతుక్కునే మందు కాదు, రాకముందే వెయ్యాలి. డాక్టరు చెప్పిన లెక్కన నొప్పికి వేస్తే వ్యసనం అవుతుందని భయపడక్కర్లేదు. మలబద్ధకం మాత్రం చేస్తుంది, దానికి మందు మొదటి రోజు నుంచే రాయించుకో. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే అదనంగా ఎంత వెయ్యాలో కాగితం మీద రాసిమ్మను. పిల్లలకు అందని చోట పెట్టు, కానీ అర్ధరాత్రి చీకట్లో కూడా నీ చేతికి దొరకాలి. నొప్పుందా అని అడిగితే మీ అత్తగారు లేదనే అంటారు. ఆవిడ మాట నమ్మకు. నుదురు చూడు, పిడికిలి చూడు.

నిన్న నీ గొంతు విన్నాను, పొద్దుటి నుంచీ ఏమీ తిన్నట్టు లేదు. నువ్వు పడిపోతే ఆవిడకెవరు దిక్కు? ముందు అన్నం తిను. శుక్రవారం పొద్దున్న బస్సుకు వస్తున్నాను, స్టాండుకు ఎవర్నీ పంపకు. ఆ రాత్రి రెండింటి మాత్ర నేను వేస్తాను. నువ్వు పడుకుందువుగాని.

మీ పెద్దమ్మ