కొండదారి నడకకు కిల్ట్ కుట్టుకోవడం ఎలా?

ప్రశ్న: నేను గ్లాస్గోలో చదువుకుంటున్నాను. వేసవిలో స్నేహితులతో ఇక్కడి వెస్ట్ హైలాండ్ వే అనే కొండదారిలో నడిచేందుకు కిల్ట్‌ను (స్కాట్లాండ్‌లో మగవాళ్ళు నడుముకు చుట్టుకునే మోకాళ్ళ దాకా ఉండే కుచ్చిళ్ళ గుడ్డ) నేనే కుట్టుకోవాలని ఉంది. పాత కుట్టు మిషన్ ఉంది, కాటన్ డ్రిల్ గుడ్డ చూసి పెట్టుకున్నాను. బొడ్డు దగ్గర చుట్టుకొలత 34 అంగుళాలు, పిరుదుల దగ్గర 40. ఎంత గుడ్డ కావాలి? కుచ్చిళ్ళు ఎలా పెట్టాలి?
– ఒక పాఠకుడు

జవాబు: మీరు ప్యాంటు కొలత కాక బొడ్డు దగ్గరి కొలత తీసుకోవడం చాలా మంచి పని. డ్రిల్ గట్టిదే కానీ, అక్కడి వానకు తడిస్తే బరువెక్కి త్వరగా ఆరదు కనుక, పాలీ-విస్కోస్ (పాలిస్టర్, విస్కోస్ దారాలు కలిపి నేసిన) గళ్ళ గుడ్డ తీసుకోమని నా సలహా. డ్రిల్లే కావాలనుకుంటే కత్తిరించే ముందు తప్పక ఉతికి ఆరబెట్టండి.

సంప్రదాయపు కిల్ట్‌కు 8 గజాల ఉన్ని గుడ్డ పడుతుంది. నడకకు నాలుగున్నర గజాల పొడవు చాలు. మోకాళ్ళ మీద నిలబడినప్పుడు అంచు నేలకు అంగుళం పైన ఉండాలి. బొడ్డు నుంచి ఆ అంచు దాకా మీకు 24 అంగుళాలనుకుంటే, 58 అంగుళాల పన్నా ఉన్న గుడ్డ రెండున్నర గజాలు కొని, పొడవునా 27 అంగుళాల (అంచు మడతకూ కుట్టుకూ కలిపి) వెడల్పు పట్టీలు రెండు తీసి, అతుకు ఒక కుచ్చు లోపల దాగేలా కలపండి. మిగిలిన 4 అంగుళాల పట్టీ నడుము పట్టీకి సరిపోతుంది.

మన పంచెకు కుచ్చిళ్ళు ముందు దోపుకుంటాం. కిల్ట్‌కు అవన్నీ వెనుకే ఉంటాయి, ముందు మాత్రం రెండు పొరలు సాదాగా ఒకదానిపై ఒకటి వస్తాయి. వెనుక సగానికి 20 కుచ్చిళ్ళు పెట్టండి: ఒక్కోదానికి బయట కనిపించేది 1 అంగుళం, లోపల దాగేది 4 అంగుళాలు. అసలు పనితనం ఇక్కడే ఉంది. పిరుదుల దగ్గర 20 అంగుళాలుగా ఉన్న వెనుక భాగం నడుము దగ్గర 17కు తగ్గాలి కనుక, ఆ 3 అంగుళాలను ఒకచోట లాగేయకుండా, ప్రతి కుచ్చునూ పైకి వచ్చేసరికి 4 మిల్లీమీటర్లకు కాస్త తక్కువగా సన్నం చేస్తూ, నడుము నుంచి 8 అంగుళాల కిందిదాకా కుట్టాలి. ముందు పొరలకు ఈ తేడా టక్కులతో (నడుము దగ్గర కుట్టే చిన్న మడతలతో) తీయవచ్చు. ఆ తరువాత కుచ్చిళ్ళ లోపలి మడత అంచున కిందిదాకా సన్నగా కుట్టు వేస్తే, ఎన్ని ఉతుకులైనా మడత చెదరదు; నడకకు వాడే కిల్ట్‌కు ఈ శ్రమ మానవద్దు.

పైపొర అంచు కుడి తొడ పక్కకు రావాలి. పిన్ను పెట్టుకుంటే పైపొరకే గుచ్చండి. రెండింటికీ కలిపి గుచ్చితే, గట్టు ఎక్కేటప్పుడు పొరలు విడిగా కదలలేక గుడ్డ చిరుగుతుంది.